రిజిస్ట్రేషన్ అయితే భూమి మనదైనట్టేనా?

(గుంటూరు బ్రాడీపేటలో, ఇల్లో స్థలమో కొనబోయేవారి కోసం ఏర్పాటైన సభలో ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు వరుసల్లో కొత్తగా పెళ్లయిన జంటలు కనిపిస్తున్నారు. వెనక నా ఈడు వాళ్లున్నారు. ముందున్నవాళ్లు కొనబోతున్నారు, వెనకున్నవాళ్లు పిల్లలకు రాసివ్వబోతున్నారు. ఇద్దరికీ పనికొచ్చే మాటలే ఇవాళ చెప్పుకుందాం.

నేను 31 ఏళ్లు దస్తావేజులు రాశాను. మొదట్లో చేత్తో, తర్వాత టైపు మిషన్ మీద, చివరికి కంప్యూటర్ మీద. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల నోట నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "రిజిస్ట్రేషన్ అయిపోయింది కదండీ, ఇంక భయమేముంది?"

భయం ఉంది. అందుకే వచ్చాను. రిజిస్ట్రేషన్ అంటే ఏమిటి? ఫలానా తేదీన ఫలానా ఆయన ఫలానా ఆవిడకు ఈ స్థలం అమ్మినట్టు కాగితం రాసుకున్నారని సర్కారు తన పుస్తకంలో ఎక్కించుకోవడం. అంతవరకే. అమ్మినాయనకు అసలు అమ్మే హక్కు ఉందా లేదా అని తేల్చే పని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సబ్ రిజిస్ట్రారుకు అప్పజెప్పలేదు. వచ్చిన మనుషులు వాళ్లేనా, స్టాంపు డ్యూటీ కట్టారా, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా, ఇవి చూస్తారు. అమ్మినాయనకే లేని హక్కు మీ కాగితంలోకి ఎక్కడినుంచి వస్తుంది?

మన దగ్గర ఒకే నేల గురించి మూడు చోట్ల మూడు పుస్తకాలు రాస్తారు. సర్వే వాళ్ల పుస్తకంలో ఆ నేల గీతగా ఉంటుంది. రెవెన్యూ వాళ్ల పుస్తకంలో పేరుగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ వాళ్ల పుస్తకంలో లావాదేవీగా ఉంటుంది. గీత, పేరు, లావాదేవీ, ఈ మూడూ ఒకే నేలను చూపిస్తున్నాయా అన్నదే మీరు తేల్చుకోవాల్సింది. మీకు బ్రోకరు చెప్పే మాటల్లో చాలా భాగం ఈ మూడు పుస్తకాల్లో ఏదో ఒకదానిలోంచి వచ్చినవే. ఏ మాట ఏ పుస్తకంలోదో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

గీతతో మొదలుపెడదాం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. నా ఇంట్లో జరిగిన నష్టం కూడా ఇక్కడే జరిగింది.

ప్రతి సర్వే నంబరుకూ ఒక పటం ఉంటుంది. దాన్ని ఎఫ్ఎంబీ అంటారు, ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్. పొలం ఆకారం, మూలల దగ్గర రాళ్లు, రాయికీ రాయికీ మధ్య దూరం అందులో ఉంటాయి. పాత పటాల్లో ఆ దూరం అడుగుల్లో ఉండదు, లింకుల్లో ఉంటుంది. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు గణిత పండితుడు 1620 ప్రాంతంలో ఒక కొలత గొలుసు తయారుచేశాడు. పేరు మన ఊరి పేరులా వినిపించినా మన ఊరికీ ఆయనకూ సంబంధం లేదు. ఆ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. అంటే ఒక లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు కలిస్తే ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు. మన సెంటు అందులో నూరో వంతు, వెయ్యి చదరపు లింకులు. మన తాతలు నోటితో చెప్పుకున్న సెంటు లెక్క ఈ గొలుసులోంచి వచ్చిందే.

ఇప్పటి లెక్కలో చెప్పాలంటే ఎకరం 4,840 గజాలు, సెంటు 48.4 గజాలు. గజం అంటే ఇక్కడ చదరపు గజమే, 9 చదరపు అడుగులు. హైదరాబాదు నుంచి వచ్చిన బంధువులు గుంట అంటారు, అది 121 గజాలు, మన లెక్కలో రెండున్నర సెంట్లు. అంకణం అనే మాట వస్తే మాత్రం ఆగి, "మీ ఊళ్లో అంకణానికి ఎన్ని అడుగులు?" అని అడగండి. అది ఊరూరికీ మారుతుంది. గజాల్లోకి మార్చి రాయించుకోకుండా అంకణాల మీద బేరం తెగ్గొట్టుకోకండి.

ఇప్పుడు నా సంగతి. మా అన్నయ్య ఉద్యోగం చివర్లో గుంటూరు శివార్లలో 165 గజాల స్థలం కొన్నాడు. తూర్పు, పడమర హద్దులు ఒక్కొక్కటీ 33 అడుగుల పొడవు, ఉత్తర, దక్షిణ హద్దులు ఒక్కొక్కటీ 45 అడుగుల పొడవు. 33ని 45తో గుణించి 9తో భాగిస్తే 165. లెక్క సరిపోయింది. దస్తావేజు నేనే రాశాను. షెడ్యూలులో "పడమర: డొంక" అని రాశాను. స్థలం దగ్గర నిలబడి చూస్తే డొంక కనిపిస్తూనే ఉంది. బండి వెళ్లేంత దారి, 12 అడుగులు ఉంటుంది. దాని పక్కనే మా హద్దు రాయి. అందరం చూశాం, అందరం సరేనన్నాం.

ఆరేళ్ల తర్వాత అక్కడ రోడ్డు వేయడానికి వచ్చి కొలిచారు. ఎఫ్ఎంబీలో ఆ డొంక వెడల్పు 50 లింకులు. 50 లింకులంటే 33 అడుగులు. నేల మీద 12 అడుగులే మిగిలిందంటే, రెండు వైపుల పొలాలవాళ్లూ ఏళ్ల తరబడి గట్టు జరుపుకుంటూ వచ్చి చెరో పదిన్నర అడుగులు కలిపేసుకున్నారన్నమాట. లేఅవుట్ వేసినాయన ఆ కలిపేసుకున్నదాన్ని కూడా ప్లాట్లలో చేర్చి అమ్మాడు. మా అన్నయ్య ప్రహరీ పడగొట్టారు. పదిన్నర అడుగులు 33తో గుణిస్తే 346 అడుగుల పైన, అంటే 38న్నర గజాలు. 165లో మిగిలింది 126న్నర. డబ్బు కట్టింది మాత్రం 165కి. అమ్మినాయన అప్పటికి అక్కడ లేడు.

దస్తావేజులో తప్పు లేదు. పడమర డొంకే. అయితే డొంక ఎక్కడ మొదలవుతుందో నేను చూడలేదు. చేతిలో పటం ఉంటే పది నిమిషాల పని. మా అన్నయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఇప్పటికీ ఆ ప్రహరీ ఇటుకలు నా కళ్లముందే ఉంటాయి. అందుకే చెబుతున్నాను, అడ్వాన్సు ఇచ్చే ముందు ఎఫ్ఎంబీ తీసుకుని, సర్వేయరుతో కొలిపించండి. ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకుంటే వచ్చి కొలుస్తారు. పక్క స్థలాలవాళ్లు ఉండగా కొలిపించండి.

గీతకు సంబంధించి కొత్త మాట ఇంకొకటి వచ్చింది, ఎల్‌పీఎం నంబరు. ల్యాండ్ పార్సెల్ మ్యాప్. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో రీసర్వే మొదలైంది. అది పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఈ నంబర్లు వచ్చాయి. మీ నాన్నగారి దస్తావేజులో 84/2 అని ఉంటుంది, ఇప్పటి 1-బిలో ఇంకేదో అంకె ఉంటుంది. కంగారు పడొద్దు, పాత నంబరుకూ కొత్త నంబరుకూ పొంతన చూపే జాబితా ఉంటుంది, అది అడిగి తీసుకోండి. కానీ కొన్ని చోట్ల ఇద్దరు ముగ్గురి భూమి కలిపి ఒకే ఎల్‌పీఎం పడింది. దాన్ని జాయింట్ ఎల్‌పీఎం అంటారు. అలా ఉన్నది కొనేటప్పుడు విడగొట్టించాకే డబ్బు ఇవ్వండి.

ఇక పేరు. రెవెన్యూ పుస్తకం.

ఇక్కడ రెండు కాగితాల మధ్య గందరగోళం ఎక్కువ, 1-బి, అడంగల్. 1-బి మనిషి వారీగా ఉంటుంది. ఖాతా నంబరు కింద ఫలానా ఆయనకు ఈ ఊళ్లో ఏయే నంబర్లలో ఎంతెంత భూమి ఉందో చెబుతుంది. అడంగల్ పొలం వారీగా ఉంటుంది. ఈ సర్వే నంబరులో ఎవరి భూమి, ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట, నీరెక్కడిది, అదంతా అందులో ఉంటుంది. రెండూ మీభూమి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అడంగల్ చూసేటప్పుడు రెండు గళ్లు పక్కపక్కన పెట్టి చదవండి, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు. రెండూ ఒకటే అయితే మంచిదే. వేరువేరుగా ఉంటే ఆ రెండో పేరు ఎవరిదో తెలియకుండా అడుగు ముందుకు వేయొద్దు. కౌలుదారా, తమ్ముడా, కొనుక్కుని పేరు మార్పించుకోనివాడా, ఆక్రమించినవాడా? ప్రైవేటు భూమిలో ఒకరు హక్కుదారుకు వ్యతిరేకంగా, బహిరంగంగా, ఆటంకం లేకుండా 12 ఏళ్లు స్వాధీనంలో ఉంటే, 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం అసలు యజమాని కోర్టుకు వెళ్లే గడువే పోవచ్చు.

వీటికంటే పాతది ఆర్ఎస్ఆర్, రీ సెటిల్‌మెంట్ రిజిస్టర్. మన పెద్దవాళ్లు డైగ్లాట్ అంటారు, రెండు భాషల్లో రాసిన పుస్తకం కాబట్టి ఆ పేరు. తెల్లదొరల కాలంలో ప్రతి సర్వే నంబరుకూ ఇది ఏ రకం భూమి, పట్టాదారు ఎవరు అని అందులో రాశారు. భూమికి జాతకం లాంటిది. పట్టాదారు పేరు తెలియనిచోట పేరుకు బదులు చుక్కలు పెట్టారు. అవే చుక్కల భూములు. తాతల కాలం నుంచి సాగు చేసుకుంటూ, పన్ను కడుతూ, ఆ చుక్కల కారణంగా అమ్ముకోలేకపోయిన కుటుంబాలను నేను కళ్లారా చూశాను. 2017లో దీనికోసం విడిగా చట్టమే తేవాల్సి వచ్చింది.

ఆ పుస్తకంలోని మాటలే ఇవాళ్టికీ మన నెత్తిన ఉన్నాయి. జిరాయితీ అంటే పట్టాదారుకు పూర్తి హక్కులున్న ప్రైవేటు భూమి. మీరు వెతుక్కోవాల్సింది ఈ మాట కోసమే. పోరంబోకు అంటే లెక్కకు బయట పెట్టినది, ఎవరికీ పట్టా లేని సర్కారు భూమి. తమిళం నుంచి వచ్చిన మాట. వాగు, కుంట, డొంక, శ్మశానం, కాలువ గట్టు, అన్నీ ఇందులోవే. "పోరంబోకైనా ఫరవాలేదండీ, అందరూ కట్టుకున్నారు" అని ఎవరైనా అంటే వాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేయండి.

డీకేటీ పట్టా అనీ, అసైన్డ్ అనీ అంటారు. భూమి లేని పేదలకు దరఖాస్తు మీద సర్కారు ఇచ్చిన భూమి. సాగు చేసుకోవచ్చు, వారసులకు వెళుతుంది. అమ్మకాన్ని నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు కొన్ని షరతులతో వీలు కల్పించారు. ఆ తర్వాత కూడా వీటి మీద విచారణలు, ఆంక్షలు నడిచాయి. కాబట్టి చవగ్గా వస్తోందని వీటి జోలికి వెళ్లొద్దు. పేదవాడి దగ్గర చవగ్గా కొనడం న్యాయం కాదన్నది నా అభిప్రాయం. చట్టం సంగతి ఆ తర్వాత.

ఇనాం అంటే రాజులు, జమీందార్లు ఒక సేవకోసమో గుడికోసమో ఇచ్చింది. 1956 చట్టంతో ఇనాములు రద్దై రైతువారీ పట్టాలు వచ్చాయి. కానీ గుడి పేరున ఉన్న ఇనాం గుడిదే. అర్చకుడి వంశం వాళ్లు నాలుగు తరాలుగా దున్నుతున్నా అమ్మే హక్కు వాళ్లకు రాదు. ఇవన్నీ, వక్ఫ్ భూములూ, భూపరిమితి (సీలింగ్) చట్టం కింద తేలిన మిగులు భూములూ కలిపి 22-ఏ అనే నిషేధిత జాబితాలో పెడతారు. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ నంబరే జనం నోట ఊతపదమైంది. "22-ఏలో ఉందండీ" అంటే ఇక రిజిస్ట్రేషన్ జరగదు. పొరపాటున అందులో పడ్డ పట్టా భూములూ ఉన్నాయి, తీయించుకోవడానికి కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడు అమ్మేవాళ్లు తిరగాలి, మీరు కాదు. జాబితా ఇంటర్నెట్‌లో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనే ఉంటుంది, బయానా ఇచ్చే ముందు రాత్రే చూసుకోండి.

గ్రామకంఠం అంటే ఊరు, ఇళ్లు ఉన్న చోటు. అక్కడ పొలాల్లాగా పాస్ పుస్తకాలుండవు. తాతల ఇల్లుంటుంది, కాగితం ఉండదు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులే ఆధారం. వాటిని పారేయకండి. అటువంటి ఇళ్లకు కార్డులివ్వడానికే 2020లో కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది.

మన ప్రాంతానికే చెందిన మాట ఒకటుంది, జరీబు. జరీబ్ అని పారశీకంలో కొలత గొలుసుకు పేరు. మన దగ్గర ఆ మాటకు వేరే జీవితం వచ్చింది. ఉండవల్లి, పెనుమాక, వెంకటపాలెం వైపు కృష్ణ ఒడ్డున పొలాలు చూశారా? కొద్ది లోతులోనే నీరు. అరటి, పసుపు, పూలు, కూరగాయలు, ఏడాది పొడుగునా ఏదో ఒకటి కోస్తూనే ఉంటారు. అదీ జరీబు. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు ఈ ఒక్క మాటకు లెక్క కట్టారు. ఎకరం మెట్ట ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు ఇచ్చిన రైతుకు అదే 1,000, వాణిజ్యం మాత్రం 450. కౌలు మెట్టకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలతో మొదలై, ఏటా పెరిగేలా పదేళ్లకు. ఒక గట్టు ఇవతల ఉంటే మెట్ట, అవతల ఉంటే జరీబు. రెండు వందల గజాల తేడా ఒక్క మాటలో ఉంది. నా బల్ల ముందు కూర్చుని ఒక రైతు, "అయ్యా, నా బోరు ఇరవై అడుగుల్లో పడింది, నాది మెట్ట అని ఎలా రాశారు?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. రికార్డులో ఎప్పుడో ఎవరో రాసిన మాట అది.

ఆ పక్కనే లంక భూములు. నది పాయల మధ్య, వరద వస్తే మునిగేవి. అక్కడ ఫామ్ హౌస్ ప్లాట్లు అని బొమ్మలు చూపిస్తారు, నమ్మకండి. నీటి సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ సింగ్‌నగర్ వైపు బుడమేరు చేసింది అందరం చూశాం. కాగితాలన్నీ సవ్యంగా ఉన్న ఇళ్లూ మునిగాయి. ముంపు అనే మాట ఏ దస్తావేజులోనూ ఉండదు. ఆ వీధిలో నలుగురు పాతకాపులను అడగండి, నీరు ఎంతవరకు వచ్చిందో గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తారు.

మూడో పుస్తకం, లావాదేవీలు. ఇది నా పుస్తకం.

ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, దానాలు అందులో వరసగా కనిపిస్తాయి. కంప్యూటర్‌లో 1983 నుంచి వస్తుంది, అంతకుముందువి పాత పుస్తకాల్లో వెతికించాలి. ఈసీ శుభ్రంగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. రిజిస్టర్ కానివి అందులో రావు. తెల్లకాగితం అగ్రిమెంటు రాదు, బీరువాలో ఉన్న వీలునామా రాదు, నడుస్తున్న కోర్టు కేసు రావాలని లేదు.

అగ్రిమెంటుకూ దస్తావేజుకూ తేడా చాలామందికి తెలియదు. విక్రయ అగ్రిమెంటు అంటే అమ్ముతానని మాట ఇవ్వడం. క్రయ దస్తావేజు అంటే అమ్మేయడం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది, అగ్రిమెంటు వల్ల ఆ ఆస్తిలో మీకు హక్కు పుట్టదు. మాట తప్పితే కోర్టుకు వెళ్లి రాయించుకోవచ్చు, దానికి మామూలుగా మూడేళ్ల గడువు. "అగ్రిమెంటు ఉంది కదా, ధర పెరిగాక చూద్దాం" అని ఐదేళ్లు ఊరుకున్నవాళ్లు వచ్చి నా ముందు ఏడ్చారు. జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, కూడా అంతే. అది తన తరఫున పని చేయమని ఇచ్చే అధికారం మాత్రమే. జీపీఏ మీద చేతులు మారినంత మాత్రాన యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

కుటుంబంలో వాడే కాగితాల పేర్లు వేరు. దాన సెటిల్‌మెంటు, పార్టిషన్, హక్కు విడుదల. వీటిలో నేను ఒక్కదాని మీదే ఆగుతాను, ఆడపిల్లల సంతకం. మన రాష్ట్రంలో 1986 సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లను మినహాయించి. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది, ఆ మినహాయింపు అందులో లేదు. అయినా ఇప్పటికీ "చెల్లికి పెళ్లిలో ఇచ్చేశామండీ" అంటూ అన్నదమ్ములు మాత్రమే వచ్చి అమ్ముతారు. పెళ్లిలో ఇచ్చింది వాటా కాదు. ఆ చెల్లెలు సంతకం లేకుండా కొంటే రేపు ఆవిడ కాకపోతే ఆవిడ పిల్లలు వస్తారు, వాళ్ల వైపే న్యాయం ఉంటుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఎన్ని పేర్లున్నాయో దస్తావేజులో అన్ని సంతకాలుండాలి.

పాత దస్తావేజుల భాష మీద నాకు చాలా ప్రేమ. మా గురువుగారు రాసేవారు: "నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ స్వామ్యములతో సహా మీకు దఖలు పరచితిమి." ఎనిమిది హక్కులు. నేలలో దొరికే నిధి, దాచిపెట్టిన సొత్తు, నీరు, రాయి, ఇప్పుడున్న ఫలం, రేపు వచ్చే ఫలం, సాగులో ఉన్నది, సాగులోకి తేగలిగినది. శాసనాల కాలం నుంచి వస్తున్న మాటలివి. ఇప్పటి నమూనాల్లో ఇవన్నీ "సర్వహక్కులతో" అనే ఒక్క మాటలోకి కుదించుకుపోయాయి. చట్టానికి అది చాలు. అయినా ఆ వరస చదివి వినిపిస్తే, కొన్నవాళ్ల ముఖంలో వచ్చే వెలుగు వేరుగా ఉండేది.

మార్కెట్ వాల్యూ అనే మాట దగ్గర కొత్తవాళ్లు తడబడతారు. మనం అనుకునే మార్కెట్ రేటు కాదది. స్టాంపు డ్యూటీ లెక్కకు సర్కారు కట్టిన విలువ. డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం. బయటి ధర దానికి రెండింతలూ ఉండొచ్చు. ఆ తేడాను నగదుగా ఇమ్మంటారు. ఇవ్వకండి. రేపు గొడవొస్తే కాగితంలో ఉన్న సొమ్మే మీరు ఇచ్చినట్టు, మిగతాది గాలిలో కలిసినట్టే.

ప్లాట్ల గురించి. "ఉడా అప్రూవ్డ్", "సీఆర్‌డీఏ అప్రూవ్డ్" అని బోర్డులుంటాయి. ఉడా అంటే 1978లో వచ్చిన విజయవాడ గుంటూరు తెనాలి మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ, 2014 చివర్లో అదే సీఆర్‌డీఏ, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అయింది. బోర్డు కాదు, ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, అడగండి. ఆ నంబరు మీద ఆమోదించిన ప్లాను తీసుకుని, మీకు చూపిస్తున్న ప్లాటు అందులో ప్లాటేనా, పార్కుకు వదిలిన ఖాళీ జాగానా అని వేలుపెట్టి చూసుకోండి. "ఎల్‌పీకి పెట్టామండీ, వచ్చేస్తుంది" అంటే రాలేదని అర్థం. పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చడాన్ని నాలా అనేవారు, దానికి 2006లో చట్టం వచ్చింది. ఆ నిబంధనలు ఈమధ్య మారాయి, మాట మాత్రం జనం నోట అలాగే ఉంది.

ఫ్లాట్ కొనేవాళ్లకు రెండు మాటలు చాలు, కార్పెట్ ఏరియా, యూడీఎస్. 1,200 అడుగుల ఫ్లాట్ అంటారు. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కలిసి ఉంటాయి. మీరు చాప పరుచుకునే చోటు ఎంతో కార్పెట్ ఏరియా చెబుతుంది. 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, దాన్ని నిర్వచించింది, లోపలి గోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు. 500 చదరపు మీటర్లు, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులకు రెరా నంబరు ఉండాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. యూడీఎస్ అంటే విడదీయని భూమి వాటా. 480 గజాల్లో ఒకే సైజు ఫ్లాట్లు 12 ఉంటే మీకు 40 గజాలు రావాలి. దస్తావేజులో 28 అని ఉంటే మిగతా 12 గజాలు ఎవరి పేరున ఉన్నాయో అడగండి. నలభై ఏళ్ల తర్వాత బిల్డింగు పాతబడి పడగొట్టే రోజు మీకు మిగిలేది ఆ నేలే.

ఆ వెనక చెయ్యెత్తిన అమ్మా, అడగండి. లింకు డాక్యుమెంట్లు ఎంత వెనక్కి చూడాలంటారా? మామూలుగా 30 ఏళ్లు చూస్తారు. నేనైతే ఆర్ఎస్ఆర్‌లో ఉన్న మొదటి పేరు దాకా వెళ్లమంటాను. ఆ పేరు నుంచి మీకు అమ్మేవారి దాకా గొలుసులో ప్రతి చేతి మార్పుకూ ఒక కాగితం ఉండాలి. అమ్మితే దస్తావేజు, పోతే మరణ ధ్రువపత్రం, వారసులు పంచుకుంటే పార్టిషన్. ఎక్కడ కాగితం లేదో అక్కడ ఒక మనిషి ఉంటాడు, ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. పాత కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉండి ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అని ఉంటే దిగులు పడకండి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. మన గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయిందీ అప్పుడే. ఊరి పేరు, సర్వే నంబరు, హద్దులు కలిస్తే చాలు.

పొద్దు పోయింది. కాగితాలు వెంట తెచ్చుకున్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి. ఎఫ్ఎంబీ ఉన్నవాళ్లు ముందు.